నీలం డబ్బా నుంచి నత్త జిగురు దాకా: ఏడేళ్ళుగా నెల్లూరు ఎండలో ఫారిన్ సామాను వాడిన అనుభవం

ముందే చెప్తా ఉండా, నేను బ్యూటీ పార్లర్ మనిషిని కాదు, స్కిన్ డాక్టర్ని అంతకన్నా కాదు. నెల్లూరులో వేదాయపాలెం నుంచి దర్గామిట్ట దాకా రోజూ స్కూటీ మీద పోయొచ్చే మామూలు ఆఫీసు ఉద్యోగం, రెండు బుగ్గల మీదా మంగు, ఇంకా బంధువులంతా దేశాలు పట్టి ఉండటం, ఇవే నా అర్హతలు. చిన్నాన్న కువైట్ లో ఇరవై ఏళ్ళు చేసొచ్చినాడు, అక్క డల్లాస్, మరిది సింగపూర్. అందుకని ఎవరో ఒకరి సూట్‌కేసులోంచి ఏదో ఒక డబ్బా నా మొహానికి వస్తానే ఉంటది. 2018 నుంచి లెక్కేసుకుంటే వాడింది, పారేసింది, పంచిపెట్టింది చానా ఉంది, అదంతా ఒకచోట రాద్దామని.

మా పుట్టిల్లు ఒంగోలు. చిన్నప్పుడు చిన్నాన్న సెలవుకి వచ్చినాడంటే తాళ్ళు కట్టిన పెద్ద అట్టపెట్టె, దాన్ని కత్తిపీటతో కోస్తా ఉంటే వీధి వీధంతా మా వరండాలోనే. ట్యాంగ్ పొడి, తలనొప్పికి రాసే కోడాలి తైలం, యార్డ్లీ పౌడరు, నీలం రేకు డబ్బాలో నివియా. నివియా అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసేది, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి రాదు. మన పెళ్ళిళ్ళన్నీ ఎండాకాలంలోనే గదా, దాన్ని మొహానికి దట్టంగా పట్టించి మండపంలో కూర్చుంటే గంటలో అందరం చేపలు వేయించిన పెనం మాదిరి మెరిసిపోయేవాళ్ళం. ఫోటోలు ఇప్పటికీ ఉండాయి, చూపించను.

చానా ఏళ్ళకి తెలిసింది ఏందంటే ఆ క్రీము 1911లో జర్మనీలో హాంబర్గ్ లో పుట్టిందంట, పేరు కూడా లాటిన్ లో మంచు అనే మాట నుంచి తీసుకున్నారంట. మంచు! చలికి చర్మం పగిలే జనం కోసం నూనెలో నీళ్ళు పట్టేట్టు గట్టిగా చేసిన క్రీముని మేము రోహిణి కార్తెలో పూసుకున్నాం. అందులో క్రీము తప్పేముంది. ఇప్పుడు కూడా మా ఇంట్లో నీలం డబ్బా ఉంటది, కాకపోతే మడమలకి, అదీ సంక్రాంతి ముందు నెలరోజులు.

యార్డ్లీది ఇంకో కత. లండన్ పౌడరు, లండన్ పౌడరు అని మురిసిపోయేవాళ్ళం, అది నిజంగానే 1770 నాటి లండన్ కంపెనీ. కానీ 2009లో మన దేశంతో పాటు గల్ఫ్ కి కూడా ఆ బ్రాండు హక్కులు మన విప్రో కొనుక్కునింది. అంటే ఆ తర్వాత చిన్నాన్న విమానంలో కేజీల లెక్కన మోసుకొచ్చిన డబ్బాలు బెంగళూరు కంపెనీవి. ఈ మాట చెప్తే చిన్నాన్న రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలా.

అసలు కళ్ళు తెరుచుకునింది 2019లో. అక్క కాన్పుకి అమ్మకి తోడుగా డల్లాస్ పోయినా, మూడు నెలలు ఉండా. ఇక్కడ మనం సెటాఫిల్ ఫేస్ వాష్, క్రీము అంటే డాక్టర్ రాసిస్తే మెడికల్ షాపులో కొనే ఖరీదైన వస్తువు గదా, అక్కడ అది, సెరావే అని అట్టాంటిదే ఇంకో బ్రాండు, రెండూ మందుల షాపులో దగ్గు సిరప్ పక్కన, వాల్‌మార్ట్ లో బట్టల సబ్బు వరస దాటితే చాలు, కుప్పలు కుప్పలుగా ఉంటాయి. అక్క వాళ్ళింట్లో సింకు పక్కన గిన్నెల సబ్బుతో పాటు పెట్టుకునింది. నేను పట్టుకుని వాసన చూస్తా ఉంటే, "ఏమ్మే, మ్యూజియంలో చూసినట్టు చూస్తా ఉండావే, అది మనూరి వ్యాజిలైన్ లాంటిదే" అనింది. వాసన కూడా ఏం లేదు దానికి, అదే దాని గొప్పంట. అక్కడ జనవరిలో ఇంట్లో హీటరు వేస్తే చర్మం చేప పొలుసు మాదిరి లేస్తది, దానికి సెరావే తెల్ల డబ్బా క్రీము రాత్రి పూస్తే పొద్దునకి అరటాకు మాదిరి అయిపోయింది మొహం. నేను ఫిదా. 539 గ్రాముల డబ్బాలు మూడు కొన్నా. కొనేటప్పుడు ఇంకో సంగతి, రేటు చీటీ మీద పన్ను ఉండదు, బిల్లు కాడ కలుపుతారు, డల్లాస్ లో 8.25 శాతం. పది డాలర్లు అనుకుని చేతిలో పది నోటు పట్టుకుని నిలబడితే 10.83 అనింది ఆ అమ్మాయి, వెనక లైనులో ఆరుగురు, నేను పర్సులో చిల్లర ఏరుకుంటా ఉండా.

ఆ మూడు డబ్బాలు నెల్లూరు వచ్చినాక ఏమైనాయంటే, ఒకటి అమ్మకి, ఒకటి మా అత్తకి, మూడోది రెండేళ్ళు నడిచింది. ఏసీ గదిలో పడుకునే రోజు తప్ప ఆ చిక్కటి క్రీము ఇక్కడ మొహం మీద ఉంచుకోలేం, ఫ్యాన్ కింద గంటకే జిడ్డు. డల్లాస్ జనవరిలో అమృతం, నెల్లూరు జనవరిలో పర్లేదు, మే నెలలో దాని మూత కూడా తీయబళ్ళా.

బట్టలు కూడా అప్పుడే మొదలు. ఓల్డ్ నేవీ అని, గ్యాప్ అనే అమెరికా బట్టల కంపెనీ వాళ్ళదే, కొంచెం తక్కువ రేటు షాపు, క్లియరెన్స్ ర్యాకు కాడ నేను, అమ్మ పొద్దున పోతే మధ్యాహ్నం దాకా. నేను జన్మలో మొదటిసారి స్మాల్ సైజు తొడుక్కున్నా! అద్దంలో చూసుకుని ఏడుపొచ్చింది సంతోషంతో. తర్వాత సింగపూర్ లో జపాన్ షాపుకి పోతే లార్జ్ పట్టింది, నెల్లూరు ట్రంకు రోడ్డులో కుర్తీ కొంటే ఎక్స్ఎల్. మనిషి ఒకటే, కేజీలు అవే. కాబట్టి ఎవరికన్నా తెమ్మని చెప్పేటప్పుడు సైజు అక్షరం చెప్పబాకండి, టేపుతో ఛాతీ, నడుము, పొడవు కొలిచి అంగుళాల్లో చెప్పండి, ఎదుటోళ్ళు సెంటీమీటర్ల దేశంలో ఉంటే అవి కూడా రాసి పంపండి. నేను అక్షరం చెప్పి మా ఆయనకి తెప్పించిన రెండు చొక్కాలు ఇప్పుడు మా మామ వేసుకుని వాకింగ్ పోతా ఉండాడు. అందులో ఒకదాని కాలరు లోపల మేడ్ ఇన్ ఇండియా అని ఉండింది, సరే దాని గురించి మళ్ళీ నేనెందుకు.

2022లో సింగపూర్ పది రోజులు. అక్కడ దిగంగానే గాలి తగిలింది, అచ్చం మైపాడు బీచ్ గాలి, ఉప్పు చెమట, జిడ్డు. ఆ రోజే బుర్రకి తట్టింది. ఇన్నాళ్ళూ నేను సామాను యాడ తయారైందని చూస్తా ఉండా, చూడాల్సింది అది కాదు, దాన్ని ఎట్టాంటి ఎండలో జనం వాడతా ఉండారని. సింగపూర్ జనం ఏం పూసుకుంటా ఉండారో, లోపల ఏం వేసుకుంటా ఉండారో అది నెల్లూరులో పనిచేస్తది. డల్లాస్ జనం జనవరిలో పూసుకునేది పనిచేయదు. ఇంత చిన్న సంగతికి నాకు నాలుగేళ్ళు, బోలెడు డబ్బులు పట్టినాయి.

యూనిక్లో అక్కడే పరిచయం. 1984లో హిరోషిమాలో మొదటి కొట్టు పెట్టిన జపాన్ కంపెనీ, మన దేశంలో 2019లో ఢిల్లీలో మొదలైంది, నెల్లూరు దాకా ఇంకా రాలా. ఎయిరిజం అని లోపల వేసుకునే పల్చటి స్లిప్పులు ఉంటాయి, ముట్టుకుంటే చల్లగా తగులుతాయి, చెమట పడితే ఒంటికి అతుక్కోకుండా చప్పున ఆరిపోతాయి. నాలుగు కొన్నా, మూడేళ్ళు దాటింది, బోరు నీళ్ళతో, మేడ మీద ఎండలో ఆరేస్తా కూడా రంగు కొంచెం వెలిసింది తప్ప కుట్లు ఊడలా. చీర కట్టుకునే రోజు పనికిరావు గానీ కుర్తీ కింద బ్రహ్మాండం. అదే ఊపులో హీట్‌టెక్ కూడా కొన్నా, అది చలికి వేసుకునేది. ఎందుకు కొన్నావని అడగొద్దు, ఆఫర్. బీరువాలో కలరా ఉండల మధ్య పడుకుని ఉంది, నెల్లూరుకి మంచు పడే రోజు కోసం. అయితే ఒక మాట, ఇంట్లో రోజంతా ఉండటానికి చీరాల కాటన్ నైటీని కొట్టే గుడ్డ నాకు ఏ దేశంలోనూ దొరకలా.

ఇక సన్‌స్క్రీన్, ఇదే అసలు సంగతి, ఎందుకంటే నా మంగుకి డాక్టరు గారు మొదట చెప్పింది ఇదే, ఏ క్రీము రాసినా ఎండ ఆపకపోతే దండగమ్మా అన్నారు. నేను ఇండియావి, అమెరికావి, కొరియావి, జపాన్ వి, అక్క స్నేహితురాలు తెచ్చిన ఆస్ట్రేలియాది, అన్నీ వాడినా. ఒకే వస్తువుకి ఒక్కో దేశంలో ఒక్కో కులం అని అప్పుడు తెలిసింది. అమెరికాలో సన్‌స్క్రీన్ అంటే మందు కింద లెక్క, వెనకాల డ్రగ్ ఫ్యాక్ట్స్ అని మాత్రల డబ్బా మీద ఉన్నట్టు పట్టిక ఉంటది. ఆస్ట్రేలియాలో కూడా మందుల శాఖ కిందే, ట్యూబు మీద ఆస్ట్ ఎల్ అని నంబరు ఉంటది. జపాన్, కొరియాల్లో కాస్మెటిక్ కిందికి వస్తది. అమెరికాలో మందు కాబట్టి ఎండని ఆపే కొత్త రసాయనాలకి పర్మిషన్ రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడతది, అందుకే కొరియా వాళ్ళు తమ ఊర్లో అమ్మే ఫార్ములానే అక్కడ అమ్మలేక మార్చాల్సొస్తది. కాబట్టి అమెరికాలో కొన్న కొరియా ట్యూబూ, కొరియాలో కొన్నదీ ఒకటే అనుకోబాకండి.

వాడకంలో తేడా ఏందంటే, నేను వాడిన అమెరికావి చిక్కగా, పూస్తే సున్నం కొట్టిన గోడ మాదిరి, మన రంగుకి ఆ తెలుపు అస్సలు కలవదు. జపాన్ బయోరే నీలం ట్యూబు, యూవీ ఆక్వా రిచ్ అని, కావో కంపెనీది, అది నీళ్ళ మాదిరి ఇంకిపోతది. దాని మీద ఎస్పీఎఫ్ 50 ప్లస్, పీఏ అని రాసి నాలుగు ప్లస్‌లు. ఎస్పీఎఫ్ అనేది చర్మం కమిలిపోవడాన్ని ఆపే లెక్క, పీఏ అనేది నల్లబడటం, మచ్చలు, ముడతలకి కారణమయ్యే యూవీఏ కిరణాలని ఆపే లెక్క, ఈ ప్లస్‌ల పద్ధతి జపాన్ వాళ్ళదే. మంగు ఉన్నోళ్ళు రెండోది కూడా చూసుకోవాల. ఇంకా, చిటికెడు పూస్తే ఆ నంబరు రాదు, రెండు వేళ్ళ పొడవున పిండి మొహానికి మెడకి పూయాల, చెమట కారితే మళ్ళీ పూయాల. నెల్లూరులో ఎప్పుడు కారదు చెప్పండి. కాబట్టి ట్యూబు నెలన్నరకి మించి రాదు, అంత ఖర్చు పెట్టలేని నెల నేను మన దేశంలో తయారైందే వాడతా, పీఏ చూసి కొంటా, దాంతో పాటు చున్నీ, హెల్మెట్ అద్దం. మంగు పోయిందా అంటే పోలా, లేతబడింది. ఒక మే నెల బద్ధకించినా, మళ్ళీ మొదటికొచ్చింది.

తేదీల గొడవ ఒకటి చెప్పాల. కొరియా సీసా వెనక ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వేసి ఉంటది. ఒకసారి అట్టా చూసి గడువు అయిపోయిందని ఒక ట్యూబు చెత్తబుట్టలో వేసినా. అక్క పెద్ద కూతురు కొరియన్ సీరియళ్ళ పిచ్చిది, వీడియో కాల్ లో చూసి, "పిన్నీ, తేదీ పక్కన జేజో అని ఉంటే తయారైన రోజు, కాజి అని ఉంటే అప్పటిదాకా వాడొచ్చని" అనింది. కాజా అంటే మనకి మలై కాజా తెలుసు గానీ ఈ కాజి ఎట్ట తెలస్తది. జపాన్ వాటి మీదయితే కొన్నిటికి తేదీయే ఉండదు, మూడేళ్ళు పైన చెడకుండా ఉండేవాటికి వేయక్కర్లేదని వాళ్ళ రూలు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే మాత్రం తెరిచినాక పన్నెండు నెలలని. మన ఎండకి నేను ఇంకా తగ్గించుకుంటా.

నత్త జిగురు సీసా గురించి రెండు ముక్కలే. కాస్ఆర్ఎక్స్ అనే కొరియా కంపెనీది, 96 శాతం నత్త స్రావమే అని పైనే రాసి ఉంటది. తీగ తీగ సాగతది, చెమ్మ మొహం మీద పూస్తే చర్మం మెత్తగా ఉంటది, మచ్చలకి మంత్రం మాత్రం కాదు. వారానికి మూడు సార్లు చేపల పులుసు తినే మా అత్త, "ఏమ్మాయ్, నత్త చీమిడి మొహానికి పూసుకుని ఆ చేత్తోనే అన్నం పెడతా ఉండావా" అని నెలరోజులు నా చేతి నీళ్ళు తాగలా. ఆ సీసా అయిపోయినాక మళ్ళీ కొనలా, శాంతి కోసం.

గట్టిగా చెప్పాల్సింది ఒకటి ఉంది. పేరు చెప్పను, ఆన్‌లైన్ లో ఒక అమ్మకందారు కాడ సగం రేటుకి వస్తా ఉందని కొన్న ట్యూబు రంగు వేరే, వాసన వేరే, మొహం మండి వారం రోజులు పెరుగు రాసుకున్నా. అప్పటి నుంచి దిగుమతి చేసినోళ్ళ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు, రూపాయల్లో ఎమ్మార్పీ ఉన్న స్టిక్కరు లేకపోతే ముట్టుకోను. ఇంకా గల్ఫ్ నుంచి వస్తా ఉంటాయే, పదార్థాల పేర్లు ఏమీ లేని తెల్లబడే క్రీములు, వాటి జోలికి పోవద్దు తల్లో. వాటిల్లో కొన్నిట్లో పాదరసం ఉంటా ఉంది. 2023లో కేరళ మలప్పురంలో అట్టాంటివి వాడినోళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చిందని డాక్టర్లే బయటపెట్టినారు. మా వీధిలో ఒకామె పది రోజుల్లో పాలమీగడ మాదిరి అయిపోయానని చూపించింది, నాకైతే భయమేసి బతిమాలి పారేయించినా.

ఇప్పుడు నా అరలో మిగిలింది: సెటాఫిల్ ఫేస్ వాష్, అదీ ఇక్కడి మెడికల్ షాపుదే, బయోరే ట్యూబు, నీలం డబ్బా, ఎయిరిజం స్లిప్పులు. అంతే. మిగతాదంతా చుట్టాల ఇళ్ళల్లో ఉంది.

మా ఆయనకి ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటలు. పొద్దున ఆరింటి నుంచి గట్టు మీద నిలబడితే ఎండ పైనుంచీ కొడతది, నీళ్ళ మీద పడి కింద నుంచీ కొడతది. ఏడేళ్ళుగా నన్ను మేకప్ రాణి అని ఎగతాళి చేసినాడు. పోయిన నెల నా ట్యూబు ఇరవై రోజులకే అయిపోతే నాకు అనుమానమొచ్చి బైకు డిక్కీ తెరిచినా. పాత బయోరే ట్యూబు, బ్లేడుతో నిలువునా చీల్చి, లోపల వేలితో గీకిన గీతలు. పక్కనే రొయ్యల మేత సంచి తాడు. అడిగితే, "మరిదిని ఈసారి రెండు తెమ్మను" అన్నాడు, మొహం ఇటు తిప్పకుండా.