ఇంటి నుంచి జన్యుపరీక్ష: నాలుగేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

జీవకణాలు, జన్యువులపై పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ సీసీఎంబీ ఉన్న హైదరాబాద్ హబ్సిగూడలోనే ఉంటూ కూడా, 2021లో నేను కొరియర్‌లో డబ్బా పంపే ఒక ప్రైవేటు జన్యుపరీక్ష సేవలో చేరాను. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా, నురుగును లెక్కలోకి తీసుకోకుండా గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపి పంపితే, ఆరు వారాల్లో నివేదిక వచ్చింది. పాలు అరగవన్న సంగతి సహా చాలావరకు నా అనుభవంతో సరిపోయింది కాబట్టి పరీక్ష నాణ్యతపై నాకు ఫిర్యాదు లేదు.

ఇబ్బంది మరోచోట ఉంది. మా అమ్మ తన సొంత మేనమామనే పెళ్లి చేసుకుంది. అలాంటి దంపతుల పిల్లల్లో సగటున ఎనిమిదో వంతు జన్యుభాగాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకంగా వస్తాయి. నా క్రోమోజోముల బొమ్మపై అవి రంగు పట్టీలుగా కనిపించాయి. అక్కకు చూపిస్తే, "ఉమ్మి నీదే గానీ, ఇందులో అమ్మా నాన్నా నేనూ ఉన్నాం కదరా, మమ్మల్ని అడిగావా?" అంది. తోబుట్టువుల జన్యువుల్లో సగటున సగం ఒకటే. చేరేటప్పుడు పరిశోధనకు సమ్మతి అడిగే గడిలో పెట్టిన ఒక్క టిక్కుతో నేను ఆమె సగాన్ని కూడా రాసిచ్చేశానని అప్పుడు అర్థమై చాలా బాధపడ్డాను.

అమెరికాలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటపడిన 23అండ్‌మీ అనే జన్యుపరీక్షల సంస్థ, 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేయడంతో, అమ్మకానికి వచ్చిన దాని ఆస్తుల్లో వినియోగదారుల జన్యు సమాచారమూ చేరింది. ఆ వార్త చదివి నా ఖాతా తొలగించమని మా సంస్థను కోరాను. చేరడానికి ఒక్క టిక్కు చాలింది. బయటపడడానికి గుర్తింపు కార్డు ప్రతి, మూడు మెయిళ్లు, 47 రోజులు పట్టాయి. ఖాతా తీసేశారు, మిగిలిన నమూనాను ధ్వంసం చేశామని రాసిచ్చారు, అయితే పరిశోధనకు అప్పటికే ఇచ్చిన సమాచారం వెనక్కి రాదన్నారు.

సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని ఉపసంహరించుకునే వీలుండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది, కానీ ఆ భాగం అమలుకు 2025 నవంబరు నుంచి 18 నెలల గడువు పెట్టారు. దీనికి ముందు వచ్చిన 2019 నాటి డేటా రక్షణ బిల్లు జన్యు సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా గుర్తించింది. చట్టంలో ఆ విభజనే లేదు. నా సమ్మతితో బయటికి వెళ్లిన తన సగం గురించి అక్క ఎవరిని అడగాలో కూడా అందులో నాకు కనిపించలేదు.

ఈ పరీక్ష చేయించుకోదలచినవారు డబ్బా తెప్పించకముందే తోబుట్టువులతో మాట్లాడండి. పరిశోధనకు సమ్మతి అడిగే గడిని మాత్రం ఖాళీగా వదిలేయండి, దాన్ని నింపకపోయినా నివేదిక వస్తుంది.