ఆరని రంగుతో ఏడాదిన్నర

నాలుగు నెలల్లో తెమిలిపోతుందనుకున్న బొమ్మకు పద్దెనిమిది నెలలు పట్టింది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889 వేసవిలో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో వేసిన సైప్రస్ చెట్ల గోధుమ చేనుకు నేను వేసిన నకలు అది. ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి క్లాసుల జోలికి పోకుండా ఈ ఒక్కదాన్నే పట్టుకున్నాను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఉచితంగా పెట్టిన పెద్ద ఫొటోను జూమ్ చేసుకుని, గీత తర్వాత గీత చూసి వేయడమే నా పాఠం.

మొదటి నెలలో అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను: ఈ రంగు తొందరగా ఆరదు, తప్పు పోతే గుడ్డతో తుడిచేయొచ్చు, కొత్తవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అని. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ ఆరకపోవడమే తర్వాత నా కొంప ముంచింది.

ఆయన మేఘాలు దళసరిగా ఉంటాయి కదా అని టైటానియం వైట్ అనే తెల్లరంగు సగం ట్యూబు పిండి, పాలెట్ నైఫ్ అనే రంగులు మెత్తే కత్తితో మెత్తాను. మూడు వారాలకు ముట్టుకుంటే వేలికి అంటలేదు. ఆరిందనుకుని, నీడల కోసం టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసిన కోబాల్ట్ బ్లూ పైన పూశాను. అది రెండు రోజుల్లోనే ఆరిపోయింది, నేనూ మురిసిపోయాను. రెండు నెలల తర్వాత ఒక రాత్రి లైటు పక్కనుంచి పడితే కనిపించాయి, ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు. గోరుతో నొక్కి చూశాను. పాల మీద మీగడలా పైన పొర, కింద పచ్చి రంగు.

ఈ రంగులోని నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది కాబట్టి ముందు పైభాగమే ఆరుతుంది. లోపలిది ఇంకా కదులుతుంటే, టర్పెంటైన్‌తో పల్చన చేయడం వల్ల నూనె తక్కువైన పెళుసు పై పొర దాంతో పాటు సాగలేక చిట్లుతుంది. పై పొరలో కింది పొరకంటే నూనె ఎక్కువ ఉండాలన్న నియమం మొదటి రోజే చదివాను. చదివానంతే. కుడివైపు ఆకాశమంతా గీకేయడానికి మూడు సాయంత్రాలు పోయాయి. ఆయన కాలంలో టైటానియం వైటే లేదని తెలిశాక, నా మేఘాలు సున్నం కొట్టినట్టు ఎందుకున్నాయో కొంత అర్థమైంది. తప్పంతా ట్యూబుది కాదులెండి.

సైప్రస్ చెట్టు దగ్గర మాత్రం అదే ఆరని గుణం మీద మళ్లీ ప్రేమ పుట్టింది. విరిడియన్ అనే ముదురు ఆకుపచ్చ రంగు తడిగా ఉండగానే పక్కన పసుపు గీత లాగితే, అంచులో రెండూ వెంట్రుకవాసి మేర కలిసి వచ్చే ఆ ఆకుపచ్చ పాలెట్ మీద ఎంత కలిపినా నాకు రాలేదు. ఒక గీత వేయాలి, బ్రష్ ఎత్తాలి, తుడవాలి. రెండోసారి రుద్దితే బురదే.

అన్నట్టు, ఆయన కూడా అదే ఏడాది సెప్టెంబరులో ఈ దృశ్యాన్ని స్టూడియోలో మళ్లీ వేశారు. అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నా రెండో ఆకాశం గురించి సిగ్గు పడటం అప్పుడే మానేశాను.

ఈ పద్ధతి మీకు నప్పుతుందా అంటే చెప్పలేను. నాకు రోజూ రాత్రి గంట దొరుకుతుంది, నెలల తరబడి తడి కాన్వాస్ ఆనించడానికి ఖాళీ గోడ ఉంది. ఇంట్లో చిన్నపిల్లలో పెంపుడు పిల్లో ఉంటే, వారానికో బొమ్మ పూర్తి కావాలనుకుంటే త్వరగా ఆరే యాక్రిలిక్ రంగులు మేలు. నేనైతే ఇంకా వార్నిష్ వేయలేదు. కుడివైపు పెద్ద మేఘం లోపల ఇప్పటికీ మెత్తగానే ఉందని అనుమానం. గోరు పెట్టి చూడటం లేదు.