వానాకాలంలో నాలుగు రోజులు: అండమానా, ఫుకెట్టా?

ఆగస్టులో స్నేహితులతో దీవికి వెళ్దామంటే మొదట వచ్చే పేర్లు మన అండమాన్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్. రెండింటినీ తడిపేది నైరుతి రుతుపవనమే. మే నుంచి అక్టోబరు దాకా గొడుగు ఎలాగూ తప్పదు, కాబట్టి వాన పడితే ఏం చేయగలమన్నదే అసలు లెక్క.

పత్రాలు: అండమాన్‌కు గుర్తింపు కార్డు చాలు. ఫుకెట్‌కు పాస్‌పోర్టు కావాలి. బృందంలో ఒకరిది గడువు తీరిపోయి ఉండటం మామూలే!

ఖర్చు: గదులు రెండుచోట్లా చవకవుతాయి. బడ్జెట్టును తేల్చేది విమానం టికెట్టే.

ప్రమాదం: తేడా అంతా ఇక్కడే. అండమాన్‌లో విమానం దిగే పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుంచి హావ్‌లాక్ దీవికి మామూలుగా ఓడలోనే వెళ్లాలి. సముద్రం పొంగితే ఓడలు ఆగిపోతాయి. తిరుగు విమానానికి ముందు రోజే వెనక్కి రావాలి, అంటే నాలుగింట ఒక రోజు పోయినట్టే. ఫుకెట్‌లో విమానాశ్రయం దీవి మీదే ఉంది, ఓడ అక్కర్లేదు. అయితే పడమటి తీరంలో ఎర్రజెండా ఎగిరితే నీళ్లలోకి దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహాలు ఈతగాళ్లనూ వదలవు. ఫుకెట్ నుంచి పడవలో చూసొచ్చే సిమిలాన్ దీవులైతే అక్టోబరు మధ్య దాకా మూసే ఉంటాయి.

వాన రోజు: ఫుకెట్‌లో పాత పట్టణం, సంతలు. అండమాన్‌లో సెల్యులర్ జైలు, బజారులో సిక్కోలు యాసలో పలకరింపు.

సెలవు కచ్చితంగా నాలుగు రోజులే అయితే ఫుకెట్. మరో రెండు రోజులు కలిస్తే, జనం లేని తీరమే కావాలంటే అండమాన్.