పార్ట్‌నర్‌షిప్పా, ఎల్ఎల్‌పీనా?

ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: మామూలు పార్ట్‌నర్‌షిప్ పెట్టాలా, ఎల్ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అంటే భాగస్వాముల పూచీకి పరిమితి ఉండే సంస్థ) పెట్టాలా అని.

ఖర్చు: పార్ట్‌నర్‌షిప్‌కి స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే పని మొదలవుతుంది. ఎల్ఎల్‌పీకి డిజిటల్ సంతకాలు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, సీఏ ఫీజు ఉంటాయి.

శ్రమ: ఎల్ఎల్‌పీ అయితే వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా ప్రభుత్వానికి ఫారం 11 (వార్షిక రిటర్ను), ఫారం 8 (లెక్కల వివరాలు) వేయాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం మీ భాగస్వామి సంస్థ పేరు మీద చేసిన అప్పుకి మీరూ పూచీ. అతను మీకు చెప్పకుండా రెండు లారీల సరుకు అరువు తెచ్చి దుకాణం మునిగిందనుకోండి, అప్పులవాళ్లు మీ సొంత ఇంటి దాకా రావచ్చు. 2008 నాటి ఎల్ఎల్‌పీ చట్టంలో మామూలుగా మీ నష్టం మీరు పెట్టిన డబ్బు వరకే. కానీ బ్యాంకు లోనుకి సొంత గ్యారంటీ సంతకం పెడితే ఆ లోను విషయంలో ఆ రక్షణ పోయినట్టే. దయచేసి చదివి సంతకం పెట్టండి.

లాభాల వాటా రాసుకోకపోతే రెండు చట్టాల్లోనూ సమానమే, ఎవరెంత పెట్టినా. చెక్కు మీద ఎవరి సంతకం, అరువు ఎంత దాకా అన్నది కూడా ముందే రాసుకోవాలి.

అన్నదమ్ములు నగదు బేరంతో నడిపే టిఫిన్ సెంటరుకి పార్ట్‌నర్‌షిప్ చాలు, కాకపోతే రిజిస్టర్ చేయించండి. అరువు సరుకు, పెద్ద కాంట్రాక్టులు, కొత్తగా పరిచయమైన భాగస్వామి ఉంటే ఎల్ఎల్‌పీకే వెళ్లండి.