‘ఇథనాల్ లేని పెట్రోలు’ అని డబ్బాల్లో అమ్ముతున్నారు, కొనకండి: అనంతపురం చుట్టుపక్కల రైతులకు

అనంతపురంలో గడ్డి మిషన్లు, స్ప్రేయర్లు అమ్మే ఒక అంగట్లో ‘ఇథనాల్ లేని పెట్రోలు’ అని స్టిక్కరు వేసి తెల్ల డబ్బాలు అమ్ముతున్నారు. ఇథనాల్ అంటే పెట్రోల్లో కలిపే ఒక రకం ఆల్కహాల్. చీనీ (బత్తాయి) మార్కెట్‌కు వచ్చిపోయే రైతులకు ఏ అంగడో విడిగా చెప్పనక్కర్లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. ఆ డబ్బా మాత్రం కొనకండి. ఇప్పటికే కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు మిషన్లో పోయకముందే ఇది చదవండి. నిన్న జరిగిన సంగతి, కోపం ఇంకా దిగలేదు, ముందూ వెనకా అయితే సర్దుకోండి.

గార్లదిన్నె దగ్గర మాకు చీనీ తోట ఉంది. చెట్ల మధ్య గడ్డికి టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ వాడతాను. పోయినేడు వానల తర్వాత బయటికి తీస్తే స్టార్ట్ కాలేదు. మెకానిక్ చిన్నాయన కార్బొరేటర్ విప్పి డయాఫ్రం చేతిలో పెట్టాడు. మెత్తగా ఉండాల్సిన పొర గట్టిపడి, ముడతలు పడి ఉంది. ‘ఇప్పుడు బంకుల్లో వచ్చేదంతా ఇథనాల్ కలిపిందే నాయనా, ట్యాంకులో నిలవుంటే రబ్బరంతా ఇట్లే అవుతాది’ అన్నాడు. ఆయన చెప్పింది నిజం. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నది, దాన్ని కేంద్రం 2025-26కు ముందుకు తెచ్చింది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లకు, బైకులకు దాన్ని తట్టుకునే రబ్బర్లు, గొట్టాలు వేస్తున్నారు. మన చేతి మిషన్ల గురించి ఎవరూ మాట్లాడరు. నా బ్రష్ కట్టర్ పుస్తకంలో ఇథనాల్ 10 శాతం దాటకూడదని స్పష్టంగా అచ్చేసి ఉంది. మరి బంకులో పోసేది 20 శాతం. రైతు ఏం చేయాలి?

సరిగ్గా ఈ భయం మీదే ఆ అంగడాయన వ్యాపారం పెట్టుకున్నాడు. కొత్త డయాఫ్రం కిట్టు కోసం పోతే ‘రాన్నా, కూర్చోన్నా’ అని టీ తెప్పించాడు. ‘ఇది మిషన్లకనే వేరే తెప్పించిన పెట్రోలన్నా, చుక్క ఇథనాల్ ఉండదు, ఏడాది పెట్టినా చెడిపోదు’ అని 5 లీటర్ల డబ్బా చూపించాడు. బంకులో లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ ఉంటే ఆయన దగ్గర 200. మిషన్ బాగుంటే చాలు, ఆ తేడా ఎంతలే అని రెండు సీజన్లు అదే వాడాను. లీటరుకు 40 మిల్లీ టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్లో కలిపే ఆయిల్) కొలిచి కలుపుకున్నాను, ఎక్కడా తక్కువ చేయలేదు.

ఈ వానలకు గడ్డి నడుం ఎత్తు లేచింది. సగం తోట కోశానో లేదో, మిషన్ ఒక్కసారిగా గొంతు మార్చి గట్టిగా అరిచి ఆగిపోయింది. తాడు లాగితే రాదు. పిస్టన్ పట్టేసింది.

చిన్నాయన సైలెన్సర్ తీసి ఆ సందులోంచి చూపించాడు. నున్నగా మెరవాల్సిన పిస్టన్ మీద నిలువు గీతలు, ఒక పక్క అల్యూమినియం కరిగి బోరుకు, అంటే పిస్టన్ ఆడే గొట్టానికి, అంటుకుంది. ఆయిల్ అందకపోతేనే ఇట్లవుతుందని ఆయన మాట. నేను ఆయిల్ కలిపానని ఒట్టు వేసినంత పని చేశాను. అప్పుడాయన ట్యాంకులో మిగిలింది ఒక గాజు సీసాలోకి వంచాడు. పైన ఆయిల్ రంగుతో పచ్చగా పెట్రోలు, అడుగున వేలెడు మందాన తెల్లటి నీటి పొర. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంది. సీసా కదిపితే మబ్బు పట్టి, కాసేపటికి మళ్లీ రెండుగా విడిపోయింది.

ఇది అందరూ తెలుసుకోవాలి. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను, డబ్బాలో పట్టిన చెమ్మను కొంతవరకు తనలో కరిగించుకుని పైకి మామూలుగానే కనిపిస్తుంది. హద్దు దాటిన రోజు, లేదా రాత్రి చల్లబడినప్పుడు, ఇథనాలూ నీరూ కలిసి ఒక పొరగా విడిపోయి అడుక్కు దిగుతాయి. మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకులో గొట్టం లాగేది అడుగు నుంచి. అంటే ఇంజనుకు ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్ పోతోంది. టూ స్ట్రోక్‌కు వేరే ఆయిల్ చాంబర్ ఉండదు, పెట్రోల్లో వచ్చే ఆయిలే దానికి ప్రాణం. ఫోర్ స్ట్రోక్ మిషన్లో పిస్టన్ అంత త్వరగా పట్టదు గానీ కార్బొరేటర్ గిన్నెలో తుప్పు, పెట్రోలు పోయే సన్న రంధ్రాల్లో (జెట్లలో) తెల్లటి బూజు లాంటిది పేరుకుంటుంది.

కానీ చుక్క ఇథనాల్ లేని పెట్రోల్లో ఇంత పొర ఎట్లా వస్తుంది? అక్కడే నాకు అనుమానం పుట్టింది. మా తమ్ముడు హైస్కూల్లో సైన్సు సారు. వాడి దగ్గర 100 మిల్లీ గాజు కొలజాడీ తెప్పించి, మూత తీయని డబ్బా ఒకటి ఇంట్లో ఉంటే దాన్ని తెరిచాం. 10 గీత దాకా నీళ్లు, మిగతా 90 పెట్రోలు. మూత పెట్టి బాగా కలిపి నిలబెట్టాం. ఇథనాల్ లేకపోతే అడుగున నీళ్లు 10 దగ్గరే నిలవాలి. ఇథనాల్ ఉంటే అది పెట్రోలు వదిలి నీళ్లలోకి దిగుతుంది, అడుగు పొర పెరుగుతుంది. మా జాడీలో పొర 25 గీత దాటింది. పక్కన బంకు నుంచి తెచ్చిన పెట్రోలుతో అదే చేస్తే అంతే వచ్చింది. బంకు పెట్రోలే డబ్బాలో పోసి, స్టిక్కరు వేసి, దాదాపు రెట్టింపు ధరకు రైతుకు అంటగడుతున్నారు.

జాడీ, డబ్బా రెండూ తీసుకుని అంగడికి పోయాను. గొడవకు పోలేదు. పిస్టన్, బోరు ఖర్చు అడుగుదామని, కనీసం మిగతా డబ్బాలు వెనక్కి తీసుకోమని అడుగుదామని పోయాను. అంగట్లో ఐదారుగురు రైతులు ఉన్నారు. ఆయన ముందే నీళ్లు కొలిచి, డబ్బాలోంచి పెట్రోలు పోసి, కలిపి కౌంటర్ మీద పెట్టాను. పొర దిగడం మొదలైంది. ఆయన దాన్ని చూశాడు, అర్థమైంది, ముఖం చూస్తేనే తెలిసిపోయింది. మరుక్షణం జాడీ ఎత్తి అందరికీ చూపించి, ‘సూడండప్పా, పెట్రోల్లో ఈయనే నీళ్లు పోసినాడు, మళ్ల నీళ్లుండాయని దుడ్లు ఎనక్కి అడుగుతాండాడు’ అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను పోసింది 10, ఇప్పుడు 25 ఉంది, ఆ మిగతా 15 ఎక్కడిదో చెప్పు అని అరుస్తున్నా వినకుండా వీధి కాలవలోకి వంచేశాడు. జాడీ నా చేతిలో పెట్టి, ‘మిషన్ నడపడం రాకపోతే కూలోళ్లను పెట్టుకో, పో’ అన్నాడు. టీ తాగించి అన్నా అని పిలిచిన నోటితోనే.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ నవ్విన వాళ్లలో ఒకాయన నా కళ్ల ముందే ఒక డబ్బా కొనుక్కుని పోయాడు. శింగనమల వైపు రైతట. నేను వెనకాలే పోయి చెబితే నమ్మలేదు. ఇంత కసిగా రాస్తున్నది ఆయన కోసమే.

బిల్లు అడిగితే ఎప్పుడూ చీటీనే. దాని మీద ‘మిషన్ ఆయిల్’ అని రాస్తాడు, పెట్రోలు మాట ఉండదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. అమ్మకానికి పెట్రోలు నిలవ పెట్టాలంటే 1934 పెట్రోలియం చట్టం కింద లైసెన్సు ఉండాలి. మన సొంత వాడకానికి 30 లీటర్ల లోపు ఉంచుకుంటే పర్వాలేదు గానీ, అంగట్లో అమ్మకానికి ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ట ధర ఏవీ లేవు. సీలు చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండి తీరాలని తూనికలు కొలతల శాఖ నిబంధన.

ఇక మిషన్లు ఉన్నవాళ్లు చేయాల్సింది. ఎవరు ఏ పేరుతో అమ్మినా డబ్బు ఇచ్చే ముందు ఈ నీళ్ల పరీక్ష చేయండి, గీతలున్న గాజు జాడీ చాలు, దగ్గర్లో పొయ్యి, బీడీ లేకుండా చూసుకోండి. బంకులో ప్రీమియం పెట్రోలు అన్నంత మాత్రాన ఇథనాల్ లేదని కాదు. బంకు పెట్రోలే వాడండి, కానీ ఆ వారానికి సరిపడా మాత్రమే తెచ్చి కలుపుకోండి. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో మిగిలింది కూడా అయిపోయి దానంతట అదే ఆగేదాకా నడపండి. మిషన్ పక్కన పెట్టే కాలం ఎక్కువైతే ఇది తప్పనిసరి. డయాఫ్రం, గొట్టాలు మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునేవి కావాలని గట్టిగా అడగండి. ట్యాంకు దగ్గరి రబ్బరు బుడ్డ నొక్కితే గట్టిగా తగిలినా, పగుళ్లు కనిపించినా మార్చేయండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తూనికలు కొలతల ఆఫీసులో కాగితం కూడా ఇస్తున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. ఒక్కడి మాట అంటే కౌంటర్ దగ్గర తోసేసినట్టే తోసేస్తారు. మీ దగ్గర ఆ తెల్ల డబ్బా ఉంటే పారేయకండి. స్టిక్కరు, చీటీ రెండూ ఫోటో తీసి పెట్టుకోండి, తెరవని డబ్బా అయితే అట్లే ఉంచండి. నాకు మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి ఇద్దాం.