శ్రీవారి సేవా, మామిడి కాటా దగ్గర కొలువా?

పదవీ విరమణ చేసినవారికి తిరుపతి, చిత్తూరు వైపు రెండు దారులున్నాయి. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవ, అంటే భక్తులకు స్వచ్ఛందంగా చేసే సేవకు జీతం ఉండదు, సాధారణంగా వారం రోజులు. పక్కపక్కన కూర్చుని కూరగాయలు తరిగినవారు ఆత్మీయులవుతారు. వారం తిరగగానే ఎవరి ఊరు వారిది.

జూన్, జూలైలలో చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం చీటీలు రాసే పని వేరు. తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. రాత్రంతా వంతు కోసం కాచుకున్న రైతు టీ గ్లాసు అందిస్తూ, "అయ్యా, ఈరోజు ధర ఎంత?" అంటాడు. ధర పడిపోయిన ఏడాది ఆ ముఖం చూడలేం. అక్కడే స్నేహం ముదురుతుంది, తర్వాత పెళ్లిపత్రికలు ఇంటికొస్తాయి.

ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నా ఓటు కాటాకే. సేవకు కాయలు లేని నెలల్లో వెళ్లవచ్చు.