థాయ్‌లాండా, గల్ఫా? మన ఇంగ్లీష్ టీచర్లకి ఏది మేలు?

షార్జాలో ఉద్యోగం ఖాయమైందని స్టాఫ్‌రూమ్‌లో చెప్పినప్పటి నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. "థాయ్‌లాండ్ చూసుకోవచ్చుగా, అక్కడ ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారట కదా?" నిజమే. బీఈడీ అడగని బళ్లు బోలెడు. ఏదో ఒక డిగ్రీ, మనలాంటి వాళ్లకైతే టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 స్కోరు, పోలీసు క్లియరెన్సు ఉంటే మాట్లాడతారు. నేనూ మూడు నెలలు ఆ ప్రకటనలే చూశాను.

చూసినకొద్దీ అర్థమైందేమిటంటే, ఒకే క్లాసుకి రెండు జీతాలు, నేటివ్ స్పీకర్‌కి ఒకటి, మిగతా వాళ్లకి ఇంకోటి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే అయినా మనం రెండో వరసలోనే, ఎప్పటినుంచో అక్కడ పాతుకుపోయిన ఫిలిప్పీన్స్ టీచర్లతో పోటీ పడాలి. ఆన్‌లైన్ డెమో తీసుకున్నాయన నా పాఠం గురించి ఒక్క మాట అనలేదు, 'ఫిల్మ్'ని 'ఫిలిం' అన్నానని మాత్రం రాసుకున్నాడు.

సరే, జీతం దగ్గర సర్దుకుందాం అనుకున్నా, నేను సర్దుకోలేనిది ఒకటుంది: విమానం ఎక్కేలోపు పని చేసుకునే వీసా చేతికి వస్తుందా, రాదా? నాతో మాట్లాడిన థాయ్ బళ్లు రెండూ "ముందు టూరిస్టుగా వచ్చేయండి, కాగితాలు ఇక్కడ చూసుకుందాం" అన్నాయి. మా స్కూల్లో పని చేసిన కుర్రాడు ఒకడు అలాగే వెళ్లాడు. రెండు నెలలు పాఠాలు చెప్పాక, నాన్-బి, అంటే పని చేసుకోడానికిచ్చే థాయ్ వీసా కోసం రాత్రి బస్సెక్కి లావోస్‌లోని వియంటియాన్ పోయి, అక్కడి థాయ్ ఎంబసీ దగ్గర క్యూలో నిలబడ్డాడు. బస్సు, గది, ఫీజు అన్నీ సొంత డబ్బులే. ఆ రెండు నెలల్లో తనిఖీకి ఎవరైనా వచ్చుంటే? పర్మిట్ లేకుండా పని చేస్తే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, పైగా దేశం నుంచి పంపించేస్తారు.

గల్ఫ్‌లో ఆ టెన్షన్ తక్కువ. సరైన స్కూలైతే ఎంట్రీ పర్మిట్ తనే తీసి పీడీఎఫ్ పంపుతుంది, ఆ తర్వాతే టికెట్. మెడికల్, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) వెళ్లాక అవుతాయి. విజిట్ వీసా మీద రమ్మనే ఏజెంట్లు అక్కడికీ ఉన్నారు, వాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి. మన ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి మురిసిపోకుండా బేసిక్ ఎంతో చూడండి, ఏడాది దాటాక వచ్చే గ్రాట్యుటీ, అంటే యూఏఈలో మొదటి అయిదేళ్లకి ఏడాదికి 21 రోజుల జీతం, దాని మీదే లెక్కగడతారు.

అలాగని గల్ఫ్ స్వర్గమేం కాదు. అదే సీబీఎస్ఈ, అవే యూనిట్ టెస్టులు, దిద్దాల్సిన అవే నోటుబుక్కులు. బ్రిటిష్ సిలబస్ స్కూళ్ల జీతాలు మన వాటికి రావు, అద్దె చూస్తే రూమ్ షేరింగ్ తప్పదు. బీఈడీ లేకపోతే అసలు ఆశ పెట్టుకోవద్దు. ఇక సర్టిఫికెట్లు నిజమైనవేనని ముద్ర వేయించుకునే అటెస్టేషన్: రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ ఎంబసీ. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, బీఈడీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరికి పోయింది. ఆ ముగ్గురూ నేనే అని అఫిడవిట్లు పెట్టి నిరూపించుకోవడానికి రెండు నెలలు పట్టింది.

కొరియా అడుగుతున్నవాళ్లకి: అక్కడి ప్రభుత్వ బళ్లకి ఇంగ్లీష్ టీచర్లని తీసుకునే ఈపిక్ ప్రోగ్రామ్ ప్రధానంగా ఇంగ్లీష్ మాట్లాడే ఏడు దేశాల పాస్‌పోర్టులకే. మాల్దీవుల్లో మన టీచర్లు చాలామందే ఉన్నారు, చిన్న దీవిలో ఏడాదంతా ఉండగలిగితే పెట్టుకోండి.

ఇరవై అయిదేళ్ల లోపు, బీఈడీ లేదు, దేశం చూడాలని ఉంది అంటే థాయ్‌లాండే నయం, వద్దనను. కాకపోతే ఇక్కడి నుంచే నాన్-బికి అప్లై చేసుకుంటాను, కాగితాలు పంపండి అని స్కూలుకి ముందే మెయిల్ పెట్టండి. పంపనంటే ఇంకో స్కూలు చూసుకోండి.